ఫ్లాట్‌లో తడి చెత్తతో ఎరువు చేద్దామంటే పురుగులు పట్టాయి, మానేయాలా?

మూడో అంతస్తు:
అందరికీ నమస్కారం. మాది ఎంవీపీ కాలనీలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్, నలుగురం ఉంటాం. ఎండాకాలంలో ఉత్సాహపడి పాత పెయింటు బకెట్‌కి కన్నాలు పెట్టి, వంటింటి తడి చెత్తంతా అందులో వేయడం మొదలుపెట్టాను. నెల రోజులు బాగానే నడిచింది. వానలు పడ్డాక అడుగు నుంచి నల్లటి నీళ్లు కారుతున్నాయి, వాసన సంగతి చెప్పక్కర్లేదు, మూత తీస్తే తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. పక్క ఫ్లాట్ ఆవిడ "ఏంటండీ, మీ బాల్కనీలో ఎలక గానీ చచ్చిందా" అని అడిగేశారు. ఆ బకెట్ ఉంటే నేను ఊరెళ్లిపోతానని మా అత్తగారు అంటున్నారు, సరదాకే అనుకోండి, కానీ నాకు టెన్షన్‌గానే ఉంది. మానేసి చెత్త బండికే ఇచ్చేయనా? నీళ్లు, కరెంటు విషయంలో కూడా ఫ్లాట్లలో ఉండేవాళ్లు నిజంగా చేస్తున్నవి ఏమైనా ఉంటే చెప్పండి. వెదురు బ్రష్షులు కొనమని మాత్రం చెప్పొద్దు, కొన్నాను, మన వైజాగ్ చెమ్మకి బూజు పట్టాయి.

డాబా తోట:
మానేయకండి. తడి మీద తడి వేసుకుంటూ పోయారు, అంతే జరిగింది. గాలి ఆడితే చెత్త మగ్గుతుంది, నీళ్లు నిలిచి గాలి ఆడకపోతే కుళ్లుతుంది, ఆ వాసన కుళ్లుదే. ఒక గిన్నె తడి చెత్త వేస్తే ఒక గిన్నె ఎండుటాకులో, కొబ్బరి పొట్టో, చింపిన అట్టపెట్టె ముక్కలో వేయాలి, వానాకాలంలో అయితే రెండు గిన్నెలు వేసినా తప్పులేదు. హైదరాబాద్ వాళ్ల వీడియోలు చూసి అదే కొలత ఇక్కడ వేస్తే కుదరదు, అక్కడ ఆరినట్టు సముద్రం పక్కన ఆరదు. పిడికిట్లోకి తీసుకుని పిండి చూడండి, చెయ్యి తడవాలి గానీ చుక్క కారకూడదు.

ఆ పురుగులు ఈగల పిల్లలే. బ్లాక్ సోల్జర్ ఫ్లై అని నల్లటి సన్నటి ఈగ ఉంటుంది, దాని పిల్లలైతే చెత్తని మామూలుగా మగ్గేదానికంటే త్వరగా తినేస్తాయి, హాని లేదు. చూడలేకపోతే పైన రెండంగుళాలు పొడి పొర కప్పి, మూత కింద పాత కాటన్ గుడ్డ కట్టండి, ఈగలు కొత్తగా గుడ్లు పెట్టలేవు. వారానికి రెండుసార్లు కర్రతో కలపండి. ఒక బకెట్ నిండాక దాన్ని రెండు మూడు నెలలు పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి, ఒక్క బకెట్‌తో ఎప్పటికీ అవదు. మిగిలిపోయిన చారు, నూనె కూరలు వేయొద్దు. చేప ముక్కలు అసలొద్దు, ఆదివారం చేప తెస్తే బజారులోనే పొలుసు తీయించి, తల కావాలంటే తప్ప మిగతాది అక్కడే వదిలేసి రండి.

ఎందుకొచ్చిన గొడవ:
మీరింత కష్టపడి వేరు చేస్తారు, మా వీధికొచ్చే బండిలో అన్నీ ఒకే దాంట్లో పోస్తున్నారు. ఎవరి కోసం ఇదంతా?

డాబా తోట:
నిజమే, మా వీధిలోనూ అలాంటి రోజులున్నాయి. అందుకే తడి చెత్త ఇంట్లోనే ఆపేస్తే ఇక బండిలో కలపడానికి తడి ఉండదు కదండీ. కాపులుప్పాడలో చెత్తని కాల్చి కరెంటు తీసే ప్లాంటు ఉంది, నీళ్లోడే అరటి తొక్కలు కలిస్తే అది మాత్రం సరిగా ఎలా మండుతుంది?

బోరు ఉప్పన:
నీళ్ల గురించి నేను చెప్తాను. ముందు ఒక టీడీఎస్ మీటర్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపించేది, కొని కుళాయి నీళ్లు చూడండి. 500 లోపు ఉంటే ఉప్పు తీయడానికి ఆర్వో అక్కర్లేదు, మామూలు ఫిల్టరో, కాచుకోవడమో సరిపోతుంది. ఇళ్లల్లో ఆర్వోలు ఒక లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతాయి. మాది లాసన్స్ బే వైపు, బోరు నీళ్లు ఉప్పన కాబట్టి మాకు తప్పదు, ఆ వదిలేసే నీళ్లు బకెట్‌లో పట్టి బాత్‌రూమ్ కడగడానికి, గచ్చు తుడవడానికి వాడతాం. మొక్కలకి పోయకండి, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ ఉంటుంది, నేను పోసి రెండు కరివేపాకు మొక్కలు చంపుకున్నాను. ఏసీ నుంచి కారే నీళ్లు మొక్కలకి పోయొచ్చు, మన ఉక్కపోతకి రాత్రికి బకెట్ నిండుతుంది.

సీతమ్మధార:
కరెంటుకి చిన్న మాట. పాత ఫ్యాను 75 వాట్లు తాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 దగ్గర, రోజంతా తిరిగేవి ముందు మార్చండి. ఏసీ 26లో పెట్టి ఫ్యాను వేసుకోండి. సోలార్ అయితే ప్రధానమంత్రి సూర్యఘర్‌లో సొంత ఇంటికి 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ, అపార్ట్‌మెంట్ సంఘానికి లిఫ్టు, మోటార్ల కోసం కిలోవాటుకి 18,000. సోలార్ పలకల ఫ్రేము ఎలా బిగిస్తున్నారో దగ్గరుండి చూసుకోండి. 2014లో హుద్‌హుద్‌ తుఫానుకి మా డాబా మీది వాటర్ ట్యాంకు పక్క వీధిలో దొరికింది.

మూడో అంతస్తు:
అందరికీ థాంక్స్. ఇవాళ వాచ్‌మన్ ఊడ్చి తగలబెట్టబోతున్న ఆకులు రెండు గోనె సంచులు అడిగి తెచ్చుకున్నాను. బకెట్ మొత్తం కలిపి పైన కప్పేశాను, సాయంత్రానికి వాసన సగం తగ్గింది. అత్తగారు ఇంకా ఆ వైపు వెళ్లట్లేదు గానీ రెండో బకెట్‌కి కన్నాలు తనే పెట్టించారు. ఒక సందేహం, వానకి తడిసిన ఆకులు ఫ్లాట్‌లో ఎక్కడ ఆరబెడుతున్నారు మీరంతా?