పావురం గూట్లో గుడ్లుండగా వల బిగించవచ్చా?

మియాపూర్_ఐదో_అంతస్తు:
వచ్చే ఆదివారం మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సమావేశం ఉంది. చర్చించవలసింది పావురాల సంగతి ఒక్కటే. డక్టుల్లో, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ల వెనక, సన్‌షేడ్ల మీద అవి కాపురం పెట్టి రెండేళ్లు దాటింది. బట్టలు ఆరేయడానికి యుటిలిటీ వైపు తలుపు తీయాలన్నా ముందు చీపురు పట్టుకోవలసి వస్తోంది. సభ్యుల ముందు మూడు ప్రతిపాదనలున్నాయి. పావురాలన్నిటినీ పట్టి వికారాబాద్ అడవిలో వదిలి వస్తానని ఒక కాంట్రాక్టరు అంటున్నాడు. ఒకే వారంలో గూళ్లన్నీ తీసేసి అన్ని బాల్కనీలకూ డక్టులకూ వలలు కట్టించాలని కార్యవర్గం అంటోంది. గింజలు వేసేవారికి జరిమానా వేస్తే చాలునని ఇంకొందరు అంటున్నారు.

నా ఇబ్బంది వీటన్నిటికంటే చిన్నది. మా వంటింటి కిటికీ బయట చీపురు పుల్లలూ ఒక తెగిన కేబుల్ ముక్కా పేర్చి కట్టిన గూట్లో రెండు గుడ్లున్నాయి. కొలతలు తీసుకోవడానికి వచ్చిన వల మనిషి వాటిని చూసి, తీసి పారేస్తే రెండు నిమిషాల పని అన్నాడు. సరేననడానికి నాకు నోరు రాలేదు, వద్దనడానికి కారణమూ చెప్పలేకపోయాను. హింస లేకుండా వీటిని ఇంటికి దూరంగా ఉంచడం నిజంగా సాధ్యమా, లేక అది మనం మన మనసుకు చెప్పుకునే సర్దుబాటు మాత్రమేనా?

పాతబస్తీ_మిద్దె:
మా తాతగారి కాలం నుంచీ మా మిద్దె మీద పావురాలున్నాయి కాబట్టి తెలిసిన నాలుగు మాటలు చెబుతాను. అడవిలో వదిలే ఆలోచన మానుకోండి. ఇల్లు వెతుక్కుంటూ తిరిగి రావడమే పావురం జాతి లక్షణం. వీధి పావురాలు పెంపుడు వాటంత దూరం నుంచి రాలేకపోయినా, గట్టిగా ఉన్నవి తిరిగి మీ సన్‌షేడ్ మీదికే వస్తాయి. పుట్టినప్పటి నుంచి మనుషుల మధ్య ఏరుకు తిన్న పక్షికి అడవిలో మేత ఎక్కడుందో తెలియదు కనుక మిగిలినవి అక్కడ ఆకలితో చస్తాయి. తల్లిదండ్రులను పట్టుకుపోతే గూళ్లలోని పిల్లలు మూడు రోజుల్లో కుళ్లి కంపు కొడతాయి. వీటన్నిటికీ డబ్బిచ్చిన తరువాత ఖాళీ అయిన చోటికి పక్క అపార్ట్‌మెంట్ పావురాలు వస్తాయి.

ఇక గుడ్ల విషయం. పావురం ఒక గుడ్డు పెట్టి, ఒక రోజు విడిచి రెండోది పెడుతుంది. పొదగడానికి పదిహేడు పద్దెనిమిది రోజులు పడుతుంది. గమనించి చూడండి, పొద్దున్న తొమ్మిది పది గంటల నుంచి సాయంత్రం దాకా కూర్చునేది మగది, మిగతా వేళంతా ఆడది. పిల్లలు ఎగరడానికి మరో నెల. అంటే మొదటి గుడ్డు నుంచి గూడు ఖాళీ అయ్యేదాకా దాదాపు యాభై రోజులు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఈ పిల్లలు ఇంకా పూర్తిగా ఎగరకముందే అదే జంట పక్కనే మళ్లీ గుడ్లు పెడుతుంది. ‘పిల్లలు వెళ్లిపోయాక చూద్దాం’ అనుకుంటూ కూర్చున్నవారికి ఆ రోజు ఎన్నటికీ రాదు. పిల్లలు గూడు దిగిన రోజునే వల పడాలి. కొత్తగా గుడ్డు కనిపిస్తే మొదటి రెండు మూడు రోజుల్లోనే, లోపల ప్రాణం రూపు కట్టకముందే, తీసేయాలి. మీ గూట్లోవి ఎన్ని రోజులవో ముందు చెప్పండి.

సైనిక్‌పురి_విశ్రాంత_టీచర్:
పైన రాసినవారి అనుభవానికి నమస్కారం. కానీ మూడో ప్రతిపాదన చదివి మనసు కష్టపడింది. నేను ఇరవై ఏళ్లుగా రోజూ ఉదయం గుప్పెడు జొన్నలు వేస్తున్నాను. మా నాన్నగారు చనిపోయిన ఏడాది మొదలుపెట్టినది అలాగే సాగుతోంది. మక్కా మసీదు ఆవరణలో పావురాలకు గింజలు వేయని హైదరాబాదీ ఎవరైనా ఉన్నారా? చెట్లు కొట్టి, చెరువులు పూడ్చి, వాటి మీద అంతస్తులు లేపినవాళ్లం మనం. ఇప్పుడు ఆ అంతస్తుల అంచున కూర్చున్న పక్షి మనకు చొరబాటుదారు అయిందా? జీవుల పట్ల దయ చూపడం పౌరుడి విధి అని రాజ్యాంగంలోని 51ఏ(జి) అధికరణమే చెబుతోంది. దయ చూపినందుకు జరిమానా వేసే అసోసియేషన్‌ను నేనింతవరకు చూడలేదు.

నిజాంపేట్_402:
టీచర్ గారూ, మీ మీద గౌరవంతోనే రాస్తున్నాను. మా పై అంతస్తులోనూ మీవంటి మంచి మనిషే ఉన్నారు, ఆమె వేసే గింజలకు వచ్చే పావురాలు మా పడకగది ఏసీ మీద వాలుతాయి. రెండేళ్ల క్రితం మా ఆవిడకు పొడి దగ్గు మొదలైంది. మొదట అలర్జీ అన్నారు, తరువాత న్యుమోనియా అని రెండుసార్లు యాంటీబయాటిక్స్ వాడించారు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేదాకా వెళ్లాక ఒక పెద్ద డాక్టరు స్కాన్ చూసి మొదట అడిగిన ప్రశ్న: ‘ఇంటి దగ్గర పావురాలున్నాయా?’ రెట్టలోనూ ఈకల పొడిలోనూ ఉండే ప్రొటీన్లకు ఊపిరితిత్తులు తిరగబడటం వల్ల వచ్చే జబ్బు ఇది. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. ఇది సూక్ష్మజీవి వల్ల వచ్చేది కాదు కనుక యాంటీబయాటిక్స్‌కు లొంగదు. ఆ గాలి పీల్చడం మానడమే అసలు వైద్యం, మానకుండా ఏళ్లు గడిస్తే ఊపిరితిత్తి గట్టిపడి మళ్లీ మామూలు కాదు.

యాభై రోజులు ఆగమని పాతబస్తీ మిత్రులు సులువుగా అన్నారు. ఆ యాభై రోజులు మా ఆవిడ ఏ గదిలో పడుకోవాలి? నేనైతే గుడ్లున్నా వల కట్టించాను. పాపమే కావచ్చు, మోస్తాను.

కుత్బుల్లాపూర్_వలల_పని:
నేను పదకొండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. గుడ్లు తీసి పారేయమని చెప్పిన వల మనిషి తరఫున ఒక మాట: రోజుకు మూడు ఇళ్లు పూర్తి చేయకపోతే మాకు గిట్టదు, అందుకే అలా అంటాం. అయితే లోపల పిల్లలుండగా వల బిగించిన ఇంటికి మళ్లీ వెళ్లవలసి వచ్చినప్పుడు నేను చూసినది మీరు చూడకూడదు. తల్లి పక్షి బయటి నుంచి వలకు కొట్టుకుని కొట్టుకుని, వేళ్లు దారాల్లో ఇరుక్కుని తలకిందులుగా వేలాడుతోంది. అప్పటి నుంచి డక్టు పని ఒప్పుకుంటే, ముందు లోపలికి టార్చి వేసి అంతస్తు అంతస్తుకూ చూశాకే కొక్కేలు కొడుతున్నాను.

వల వల్ల పక్షి చచ్చేది మూడు తప్పుల వల్ల. ఒకటి, వల వదులుగా ఉండటం. డప్పు తోలులా బిగువుగా ఉంటే పక్షి తగిలి వెనక్కి పోతుంది, వదులుగా ఉంటే చిక్కుకుంటుంది. రెండోది, ఒక మూల ఊడిపోయినా పట్టించుకోకపోవడం. ఆ సందులోంచి లోపలికి దూరిన పావురానికి బయటికి దారి దొరకదు, ఎండాకాలమైతే నీళ్లు లేక ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. మూడోది డక్టుకు పైన మాత్రం కప్పి, పక్కల వెంటిలేటర్ల సందులు వదిలేయడం. పావురాలకు రెండంగుళాల కన్నం ఉన్న నైలాన్ వల సరిపోతుంది. పిచ్చుక అందులోంచి వచ్చి పోగలదు, దానికి అడ్డం ఉండదు.

ముళ్ల పట్టీల మీద నాకు నమ్మకం లేదు. పుల్లలు ఆ ముళ్ల మధ్య పేరిస్తే గూడు జారిపోకుండా ఇంకా గట్టిగా నిలుస్తుంది. సన్‌షేడ్ మీద 45 డిగ్రీల వాలుతో నున్నటి రేకు బిగిస్తే కాలు నిలవదు, గాయమూ కాదు. పాత సీడీలు, మెరిసే రిబ్బన్లు రెండు వారాల ముచ్చట. ఒక ఇంట్లో ప్లాస్టిక్ గుడ్లగూబ నెత్తి మీద పావురం కూర్చుని ఉండగా నేనే ఫొటో తీశాను. అంచులకు పూసే జిగురు మాత్రం ఎవరడిగినా చేయను. అది ఈకలకు అంటుకుంటే ఆ పక్షి ఎగరలేదు, ఈకలు సరిచేసుకోబోతే ముక్కుకూ అంటుతుంది.

తార్నాక_పాఠకుడు:
గింజల జరిమానా క్రూరమని టీచర్ గారు అన్నారు కాబట్టి ఒక ఊరి అనుభవం చెప్పాలి. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో 1961 నుంచి 1985 దాకా పావురాలను పట్టీ, తుపాకులతో కాల్చీ సుమారు లక్ష వరకు చంపారు. సంఖ్య చెప్పుకోదగినంత తగ్గలేదు, ఎందుకంటే మేత ఉన్నంతకాలం చచ్చిన వాటి చోటును కొత్త పిల్లలు నింపాయి. 1988లో పద్ధతి మార్చి, మేత వేయడం పావురాలకే ఎందుకు చేటో ఊరి జనానికి వివరించడం మొదలుపెట్టారు. దానితోపాటు ప్రత్యేకంగా గూళ్లు కట్టి అక్కడి గుడ్లను తీసేశారు. నాలుగేళ్లు దాటేసరికి సంఖ్య సగానికి పడిపోయింది. కాబట్టి గుప్పెడు జొన్నల లెక్క ఇలా ఉంటుంది: మేత ఎక్కువైతే ఏడాది పొడవునా ఐదారు ఈతలు, ఇరుకు గూళ్లు, జబ్బు పిల్లలు, చివరికి కాంట్రాక్టరు. వలలు ఎన్ని కట్టినా మేత ఆగకపోతే పావురాలు మీ బాల్కనీ నుంచి పక్కవారి బాల్కనీకి మారతాయి, అంతే.

అయితే రాత్రికి రాత్రే నిషేధించడం కూడా తెలివైన పని కాదు. 2025లో ముంబైలో పావురాలకు మేత వేసే చోటైన దాదర్ కబూతర్‌ఖానాను టార్పాలిన్లతో కప్పితే, ఆగస్టులో జనం వచ్చి వాటిని చింపేశారు. అలవాటు పడిన పక్షులు గూళ్లలో పిల్లలతో ఉండగా మేత ఒక్కసారిగా ఆపితే ఆ పిల్లలే ముందు చస్తాయి. నెలన్నరలో కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే కొత్త గుడ్లూ తగ్గుతాయి.

సైనిక్‌పురి_విశ్రాంత_టీచర్:
బాసెల్ సంగతి నాకు తెలియదు. గింజలు తగ్గిస్తే పుట్టేవే తగ్గుతాయన్న కోణంలో నేనెన్నడూ ఆలోచించలేదని ఒప్పుకుంటున్నాను. పూర్తిగా మానేస్తానని మాత్రం మాట ఇవ్వలేను. నిజాంపేట్ సోదరా, మీ ఇంటావిడ ఆరోగ్యం తెలిసి బాధ కలిగింది. మా పక్క ఫ్లాటులో ఆస్తమా ఉన్న పిల్లవాడున్నాడు, ఇంతవరకు నేను వాళ్లను ఒక్కసారి కూడా అడగలేదు. రేపు వెళ్లి అడుగుతాను. జరిమానాకు నేను ఇప్పటికీ వ్యతిరేకమే.

పాతబస్తీ_మిద్దె:
నిజాంపేట్ అన్నా, మీరు అడిగినది న్యాయమైన ప్రశ్నే. ఊపిరి ఆడని మనిషి ఉన్న ఇంట్లో యాభై రోజులు ఆగమనడం నా తప్పు. అయితే రెండు దారులే ఉన్నాయనుకోకండి. గుడ్లనో పిల్లలనో గూటితో సహా ఒక అట్టపెట్టెలోకి తీసి, రోజుకు జానెడు చొప్పున పడకగది కిటికీకి దూరంగా, అదే సన్‌షేడ్ రెండో చివరకు జరపవచ్చు. తల్లిదండ్రులు మొదటి గంట అనుమానంగా చుట్టూ తిరిగి తరువాత వచ్చి కూర్చుంటాయి. ఒక్కసారే నాలుగడుగులు జరిపితే మాత్రం గూటిని వదిలేస్తాయి. గూడు ఆ చివరకు చేరిన రోజే ఏసీ వైపు వల కట్టుకోవచ్చు. ఎండిన రెట్టను ఎప్పుడూ పొడిగా ఊడ్చకండి. నీళ్లు చల్లి నానబెట్టి, మాస్కు కట్టుకున్నవారు గీకి తీయాలి, ఆ సమయంలో మీ ఆవిడ ఇంట్లో ఉండకూడదు.

మియాపూర్_ఐదో_అంతస్తు:
అందరికీ కృతజ్ఞతలు. పాతబస్తీ మిత్రులు అడిగినట్టు గుడ్ల వయసు లెక్క కట్టాను. కిటికీ తుడిచిన రోజును బట్టి చూస్తే అవి పన్నెండు రోజులవి, తీసేసే గడువు దాటిపోయింది. వల మనిషిని పంపేసి, పిల్లలు ఎగిరే వారానికి ఒక తేదీ తీసుకున్నాను, ఆ పూటే కట్టాలని చెప్పాను.

సమావేశానికి ఇలా రాసి ఇచ్చాను: అడవికి తరలించే ప్రతిపాదన పూర్తిగా తీసేయాలి. వలలు అన్ని ఫ్లాట్లకూ ఒకే వారంలో కాకుండా, ఏ గూట్లో ఏముందో వాచ్‌మన్ ఒక పుస్తకంలో రాసి, ఖాళీ అయిన వాటికి అయినట్టు కట్టాలి. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారి కిటికీలకు మాత్రం ముందే, గూడు జరిపి కట్టాలి. గింజలు నెలన్నరలో ఆపాలి, జరిమానా వద్దు. దీనికి కార్యదర్శి గారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు, జవాబు మాత్రం నా దగ్గర లేదు: నలభై ఎనిమిది ఫ్లాట్ల గూళ్ల లెక్క రాయడానికి వాచ్‌మన్‌కు అదనంగా జీతం ఎవరిస్తారు?