డిక్రీ చేతికొచ్చింది, డబ్బెప్పుడొస్తుంది? ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసినవాళ్లు చెప్పండి

తెనాలి_కుర్రాడు
ప్రోనోటు కేసు. నాలుగేళ్లు వాయిదాలకు తిరిగాక మొన్న నాకు డబ్బు కట్టమని కోర్టు డిక్రీ వచ్చింది. అసలు, వడ్డీ, ఖర్చులు కలిపి 6,40,000. అవతలాయన ప్రభుత్వ టీచరు, జీతం 61,000. రెండు నెలలు చూశాను, ఫోనెత్తడు. మూడు సందేహాలు. జీతం జప్తు పెడితే నయమా, ఇల్లు పెడితే నయమా? ఈపీకి గడువు మూడేళ్లేనా? ఈపీకి లాయరు ఫీజు మళ్లీ ఇవ్వాలా?

కరీంనగర్_కిరాణా
మూడేళ్లు దావా వెయ్యడానికి తమ్ముడూ. డబ్బు డిక్రీ అమలుకు పన్నెండేళ్లు. నీకు టీచరు దొరికాడు, అదృష్టవంతుడివి. నాకు దొరికింది పాల వ్యాపారి. 1,85,000 డిక్రీ. జప్తు చేసే కోర్టు ఉద్యోగిని, అదే అమీనాను, వెంటబెట్టుకుని పోతే ఇంట్లో ఏముంది? మంచం, వంట గిన్నెలు. అవి ముట్టుకోవద్దట. ఆయన భార్య పుస్తెలతాడు సరే, దాన్ని ఎవరు ముట్టుకుంటారు? టీవీ ఉండాల్సిన గోడకు రెండు మేకులు, చుట్టూ తెల్లటి చతురస్రం మిగిలాయి. మేం వస్తున్నట్టు ముందు రోజే తెలిసిపోయింది. చివరికి దొడ్లో ఉన్న రెండు బర్రెలను జప్తు చేయించాను.

చీటీలో_మునిగాను
మాది ఇంకా ఘోరం. చీటీలు నడిపిన ఆవిడ మీద 3,20,000కి డిక్రీ తెచ్చుకున్నాం. జైలుకు పంపిస్తానని మా లాయరు గారు ధైర్యం చెప్పారు. ఈపీ వేశాక తాపీగా "ఆడవాళ్లను డబ్బు డిక్రీలో అరెస్టు చెయ్యకూడదమ్మా, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 56" అన్నారు. ముందే చెప్పొచ్చు కదా! ఆవిడ ఇప్పుడు మా వీధిలోనే కొత్త స్కూటీ మీద తిరుగుతోంది.

ఇంటి_ఓనరు_హైదరాబాద్
ఆ స్కూటీ ఆవిడ పేరు మీదుంటే జప్తు పెట్టండి. ఆర్‌సీ ఎవరి పేరునుందో చూడండి.

చీటీలో_మునిగాను
మరిది పేరున ఉంది. మాకు ఆ మాత్రం తెలియదా?

పాత_గుమస్తా
ముప్పై ఒక్క ఏళ్లు కోర్టులో పనిచేసి రిటైరయ్యాను. ఈపీ బెంచి మీద ఎన్ని ఫైళ్లు కట్టానో లెక్కలేదు. తెనాలి అబ్బాయీ, ఇంటి జోలికి పోకు. టముకు, సేల్ పేపర్లు, వేలం, మధ్యలో బావమరిది వచ్చి "ఇల్లు నాది" అని క్లెయిమ్ పిటిషన్. అదో పెద్ద సముద్రం. జీతం పట్టుకో. మొదటి వెయ్యి తీసేసి, మిగతాదాంట్లో మూడో వంతు. అంటే నెలకి 20,000. ఇరవై నాలుగు నెలలు కట్ అవుతుంది, తర్వాత ఏడాది ఆగుతుంది, మళ్లీ పెట్టుకోవచ్చు. ఇంతే.

బార్_అసోసియేషన్_బాబు
గుమస్తా గారూ, సగమే చెప్పారు. అదే డిక్రీకి ఇరవై నాలుగు నెలలు పూర్తయ్యాక ఆ డిక్రీ కింద జీతం ఇక ముట్టుకోలేరు. ఏడాది ఆగి మళ్లీ పెట్టడమనేది వేరే డిక్రీకి.

పాత_గుమస్తా
బాబూ, నువ్వు నల్లకోటు కుట్టించుకోక ముందు నుంచి నేను జీతం జప్తు ఆర్డర్లు టైపు చేశాను. మా కోర్టులో మళ్లీ పెట్టేవారు.

బార్_అసోసియేషన్_బాబు
టైపు చేశారు, కాదనను. అదే కోడ్ సెక్షన్ 60లో ప్రొవైజో (షరతు) చదివారా? మొత్తం ఇరవై నాలుగు నెలలు, వరుసగా అయినా, విడివిడిగా అయినా. తర్వాత పన్నెండు నెలల మినహాయింపు. ఒకే డిక్రీ అయితే శాశ్వతంగా మినహాయింపు. అందులో రెండర్థాలు లేవు.

పాత_గుమస్తా
చదవడం మీరు నేర్పక్కర్లేదు. ఈ కాలం లాయర్లకి ఫోన్‌లో చూసి మాట్లాడటం తప్ప ఈపీ రిజిస్టరు ఎలా ఉంటుందో కూడా తెలియదు.

తెనాలి_కుర్రాడు
పెద్దలిద్దరూ కాస్త ఆగండి. ఇరవై నాలుగు ఇంటూ ఇరవై వేలు అంటే 4,80,000. మరి మిగతా 1,60,000?

బార్_అసోసియేషన్_బాబు
నా పోట్లాటంతా అందుకే. రెండేళ్ల తర్వాత మళ్లీ జీతమే పట్టుకోవచ్చని కూర్చుంటే ఆ లక్షా అరవై వేలూ, పైన నడిచే వడ్డీ గాలికి పోతాయి. దానికి ఇల్లే దిక్కు. ఇప్పుడే ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం) తీయించండి. దావా వెయ్యగానే ఆర్డర్ 38 రూల్ 5 కింద ముందస్తు జప్తు అడిగారా?

తెనాలి_కుర్రాడు
లేదండీ. అలాంటిది ఒకటుందని ఇప్పుడే వింటున్నా.

బార్_అసోసియేషన్_బాబు
అయితే ఈ నాలుగేళ్లలో కొడుకు పేర గిఫ్టు రాసేశాడేమో చూడండి. రాసేస్తే, అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికే రాశాడని మళ్లీ నిరూపించుకోవాలి.

ఒంగోలు_పొగాకు
గిఫ్టు ఒక్కటే కాదు, ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేస్తాడు. మా వైపు సగం మంది అదే దారి. మాకు బాకీ ఉన్నాయన ఐపీ పేపర్లో నలభై మూడు పేర్లున్నాయి, మాది ఇరవై తొమ్మిదోది. కోర్టు వరండాలో అందరం పెళ్లి భోజనాల బంతిలా వరుసగా నిలబడ్డాం. ఎవరికెంత రావాలో ఒకళ్లనొకళ్లం అడుక్కుంటూ కాలక్షేపం. అప్పటికి అతగాడు ఫ్యాను కింద కూర్చున్నాడు.

పాత_గుమస్తా
ఇంకో మాట. ఆ టీచరు జీతం మీద ముందే వేరేవాళ్ల జప్తు ఉందేమో జీతాల బిల్లు పెట్టే ఆఫీసరు (డీడీఓ) దగ్గర కనుక్కోవాలి. ఇరవై నాలుగు నెలలు అయిపోయి ఉంటే ఆ ఏడాది గ్యాప్ నీకూ తగులుతుంది. నేను చెప్పిన ఏడాది ఇదే. బాబుగారు తొందరపడ్డారు.

బార్_అసోసియేషన్_బాబు
ఇప్పుడు చెప్పింది కరెక్ట్. పైన చెప్పింది వేరు.

పాత_గుమస్తా
సరే, పైన నా మాట వదిలెయ్.

కోటనందూరు_రైతు
ఇంతకీ జైల్లో పెట్టించడం సంగతేంటి? మా పక్కూరాయన చేయించాడు, మూడో రోజే అన్నదమ్ములు డబ్బు కట్టి విడిపించారు. అంత తేలిక మందు ఇంకోటి లేదు.

బార్_అసోసియేషన్_బాబు
తేలిక కాదు. డబ్బుండీ కట్టడం లేదని మీరు చూపించాలి, కట్టే స్తోమత ఉందా లేదా అని కోర్టులో మీన్స్ ఎంక్వైరీ జరగాలి. లేనివాణ్ణి లేనందుకు లోపల వెయ్యకూడదని 1980లోనే జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎక్కువలో ఎక్కువ మూడు నెలలు. అతని తిండి బత్తా కట్టేది కూడా మీరే. బయటికొచ్చాక అప్పు అలాగే ఉంటుంది కానీ అదే డిక్రీలో రెండోసారి అరెస్టుండదు.

కోటనందూరు_రైతు
అంటే ఎగ్గొట్టినవాడికి అన్నం మనమే పెట్టాలా? బాగుంది.

షార్జా_సుబ్బారావు
మధ్యలో వస్తున్నా. ఇక్కడి షార్జా కోర్టు డిక్రీతో అక్కడ ఇండియాలో ఆస్తి పట్టుకోవచ్చా? మా పార్టనరుకి విజయవాడలో ఫ్లాటుంది.

బార్_అసోసియేషన్_బాబు
యూఏఈ కోర్టు డిక్రీలు ఇక్కడ నేరుగా అమలయ్యేలా 2020 జనవరిలో నోటిఫై చేశారు కాబట్టి జిల్లా కోర్టులో నేరుగా ఈపీ వేసుకోవచ్చు. ఆ విదేశీ తీర్పు ఇక్కడ చెల్లదనే సెక్షన్ 13 అభ్యంతరాలు రాకుండా చూసుకోండి. అమెరికా డిక్రీ అయితే ఇలా కుదరదు, దాని మీద మళ్లీ దావా వేసుకోవాలి.

ఇంటి_ఓనరు_హైదరాబాద్
నాది డబ్బు కాదు, ఖాళీ చేయించడం. తాళం పగలగొట్టడానికి ఒక పిటిషన్, పోలీసు సాయానికి ఇంకో పిటిషన్. కానిస్టేబుల్ వచ్చిన రోజు అమీనా రాడు, అమీనా వచ్చిన రోజు కానిస్టేబుల్ బందోబస్తులో. ఐదోసారికి ఇద్దరూ దొరికారు. లోపలికి వెళితే కిటికీ రెక్కలతో సహా ఊడబెరుక్కుని పోయాడు. అయినా ఆ సాయంత్రం తాళం వేసి చెవి జేబులో వేసుకున్నప్పటి ఆనందం మా అబ్బాయి ర్యాంకు వచ్చినప్పుడు కూడా లేదు.

చీటీలో_మునిగాను
ఈపీ ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పిందట కదా? మాది నాలుగో ఏడు నడుస్తోంది.

బార్_అసోసియేషన్_బాబు
చెప్పింది, రాహుల్ ఎస్ షా కేసులో. 2025 అక్టోబరులో లెక్క తీస్తే దేశం మొత్తం మీద పెండింగ్ ఈపీలు 8.8 లక్షల పైన తేలాయి. డిక్రీ వచ్చాకే అసలు కష్టాలు మొదలవుతాయని 1872లోనే ప్రివీ కౌన్సిల్ (లండన్‌లోని అప్పటి పై కోర్టు) అంది. తెల్లదొరలు పోయారు గానీ ఆ మాట ఇక్కడే ఉండిపోయింది.

ఒంగోలు_పొగాకు
మాకు అది తెలియడానికి ప్రివీ కౌన్సిల్ అక్కర్లేదు సార్.

తెనాలి_కుర్రాడు
సోమవారం జీతానికి ఈపీ వేయిస్తున్నా. ఈసీకి కూడా అప్లై చేశాను. ఆస్తుల వివరం అఫిడవిట్‌గా ఇమ్మని ఆర్డర్ 21 రూల్ 41 కింద కూడా అడుగుతామని మా లాయరు అన్నారు. ఫీజు సంగతి మాత్రం ఇంతమందిలో ఒక్కరూ చెప్పలేదు. కిరాణా అన్నా, ఆ బర్రెల డబ్బు వచ్చిందా?

కరీంనగర్_కిరాణా
ఎక్కడి డబ్బు తమ్ముడూ. జప్తు బర్రెలను ఊళ్లో ఒక పెద్దమనిషి దొడ్లో కట్టేయించారు. వేలం అయ్యేదాకా మేతకు డిపాజిట్ నన్నే కట్టమన్నారు. వరిగడ్డి మోపుల రసీదులు కవర్లో పెట్టుకుని వాయిదాకు పోయేవాణ్ణి. పాలు మాత్రం ఆ పెద్దమనిషి పితుక్కున్నాడు. అడిగితే "కాపలా కాస్తున్నా కదా" అన్నాడు.

కోటనందూరు_రైతు
చూడి బర్రెలా?

కరీంనగర్_కిరాణా
ఒకటి చూడిదే. వేలం ముందే ఈనింది. దూడ జప్తు లిస్టులో లేదు, నాకిచ్చెయ్యండని ఆ పాల వ్యాపారి ఇంకో పిటిషన్ వేశాడు. దాని వాయిదా వచ్చే నెల పద్నాలుగున.