జాతర ప్రోగ్రాం: పాట ముక్కలు, సావనీర్ అట్ట సంగతి తేల్చాలి

తిరుపతి నుంచి (వీడియో, సావనీర్ పని):
అందరికీ నమస్కారం. డాలస్‌లో చేసే మన తిరుపతి గంగమ్మ జాతర ప్రోగ్రాంకి ఓపెనింగ్ వీడియో, సావనీరు రెండూ ఇక్కడే తయారవుతా ఉండాయి. రెండింటికీ ఒకటే పేచీ. ఎడిటింగ్ చేసే పిల్లోడు బైరాగి వేషానికి ఒక సినిమా పాట, తోటి వేషానికి ఇంకోటి, దొర వేషానికి మరోటి ముక్కలు కోసి పేర్చినాడు. చూసేదానికి బాగుంది, కాదనను. అడిగితే "ముప్పై సెకన్లు దాటలేదు సార్, ఫెయిర్ యూజే" అంటాడు, అంటే అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునే వాడకమని. సావనీర్ అట్టకేమో పాత భక్తి క్యాసెట్టు కవరు మీది స్వామి బొమ్మ స్కాన్ చేసి పంపినారు. శుక్రవారానికి తేలిస్తే ప్రెస్సుకి ఇచ్చేస్తా.

నా మాట ముందే చెప్పేస్తా. ముప్పై సెకన్ల రూలు ఏ చట్టంలోనూ లేదు. అమెరికా కాపీరైట్ చట్టం 107వ సెక్షన్ నాలుగు సంగతులు చూడమంటుంది: దేనికోసం వాడినావు, తీసుకున్నది ఎట్లాంటి రచన, అందులో ఎంత తీసుకున్నావు, దానివల్ల సొంతదారుడి బేరం ఎంత చెడింది. సెకన్ల లెక్క మూడోదాంట్లో ఒక మూల మాత్రమే. పల్లవి ఎత్తుగడ ఎనిమిది సెకన్లే అయినా పాటకు ప్రాణం అదే కదా.

కల్చరల్ అక్క (డాలస్):
తమ్ముడూ, మనది నాన్ ప్రాఫిట్. టికెట్ కూడా లేదు. ఇంకా భయమెందుకు?

తిరుపతి నుంచి:
అక్కా, లాభం లేదనేది మొదటి ప్రశ్నలో, అదే దేనికోసం వాడినావు అనేదాంట్లో, కొంచెం కలిసొస్తుంది, అంతే. అసలు చూడాల్సింది, ఆ పాట గురించి మనం ఏమన్నా చెప్తా ఉండామా, లేక పాటను మన బొమ్మల కింద పరుపుగా వేసుకున్నామా అని. వేషాల కింద ముక్కలు పరుపే. వాటిని తీసేయమంటాను.

అదే వీడియోలో మన మాస్టారు మాట్లాడే మూడు నిమిషాల భాగం ఉంది చూడండి, సినిమావాళ్లు జాతరలో వాయించే పంబ వాయిద్యం దరువును ఎట్ల సాగదీసినారో, ఎక్కడ తప్పించినారో చెప్తారు. అక్కడ పాట నాలుగైదు సెకన్లు వినిపించి ఆపి, ఆయన మాట మొదలవుతుంది. ఆ ముక్క లేకుంటే ఆయన చెప్పేది ఎవరికీ ఎక్కదు. అది ఉంచుదాం. నాకు గట్టిగా ఫెయిర్ యూజ్ అనిపించేది అదొక్కటే.

స్టేజీ, సౌండ్ (డాలస్):
అన్నా, వేరే రికార్డులోంచి రెండు సెకన్ల ముక్క (శాంపిల్) వాడుకున్నా కోర్టుకెక్కినారని విన్నా, నిజమేనా?

తిరుపతి నుంచి:
నిజమే. 2005లో బ్రిడ్జ్‌పోర్ట్ కేసులో రెండు సెకన్ల గిటార్ ముక్కకే అమెరికాలో ఆరో సర్క్యూట్ అనే అప్పీలు కోర్టు "లైసెన్స్ తీసుకో, లేదా శాంపిల్ చేయొద్దు" అనింది. 2016లో తొమ్మిదో సర్క్యూట్ పావు సెకను కూడా లేని బాకా మోతను లెక్కలోకి రానంత చిన్నదని వదిలేసింది. డాలస్ ఆ రెండు కోర్టుల కిందికీ రాదు. పైగా అవి "ఇంత చిన్న ముక్క లెక్కకొస్తుందా" అనే తగువులు, ఫెయిర్ యూజ్ తగువులు కావు. మనకు వాటితో పనిలేదు, మన పిల్లోడు వేసింది ముక్కకు ఇరవై సెకన్లు.

ఇంకోటి, యూట్యూబ్‌లో పెడితే ముందు పట్టుకునేది కోర్టు కాదు, కంటెంట్ ఐడీ, అంటే పాటలను తనంతట తానే పోల్చి పట్టే యూట్యూబ్ ఏర్పాటు. దానికి రాగం పోలిక తెలుస్తుంది గానీ మనం పొగిడినామా, విమర్శించినామా తెలియదు. మాస్టారి భాగానికి కూడా క్లెయిమ్ రావచ్చు. వస్తే డిస్ప్యూట్ పెట్టేదానికి ఆ భాగం గురించి రెండు వాక్యాలు ఇప్పుడే రాసిపెట్టుకుందాం.

ట్రెజరర్:
అట్ట సంగతి చెప్పండి. క్యాసెట్టు కంపెనీ మూతపడి చాన్నాళ్లయింది. ఎవరు అడుగుతారు?

తిరుపతి నుంచి:
కంపెనీ మూతపడితే హక్కు మూతపడదు. ఎవరో కొనుక్కొని ఉంటారు, లేదా బొమ్మ వేసినాయన వారసుల దగ్గర ఉంటుంది. ఇండియాలో చిత్రకారుడు పోయినాక ఇంకో 60 ఏళ్లు. రవివర్మ 1906లో పోయినాడు, ఆయన బొమ్మలకు ఏ బాధా లేదు. బాపు గారు 2014లో పోయినారు, అంటే 2074 చివరిదాకా. ఈ మాట ఎందుకంటే, విదేశాల్లో మన సావనీర్లలో సగం బాపు బొమ్మలతోనే నడుస్తాయి, అడిగేవాడు లేడని.

ఒకాయన కథ వినండి. ఆండీ బాయో అనే ఆయన జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్‌కి పాత కంప్యూటర్ గేముల శబ్దాలతో ఇంకో రూపం చేసినాడు. పాటలకు లైసెన్సులన్నీ కట్టినాడు. కవరు ఫొటోను మాత్రం చుక్కచుక్కల బొమ్మగా మార్చి, మార్చినాను కదా అని అనుమతి తీసుకోలేదు. ఫొటోగ్రాఫర్ నోటీసు ఇస్తే 32,500 డాలర్లు ఇచ్చి రాజీ పడినాడు. కోర్టుదాకా పోలేదు, పోయుంటే గెలిచేవాడేమో కూడా. లాయరు ఖర్చు తలుచుకొని ఆగిపోయినాడు. మన ఖాతాలో ఎంతుందో మీకే బాగా తెలుసు.

2023లో చిత్రకారుడు వార్హోల్ పేరిట ఉన్న ఫౌండేషన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిందీ దాదాపు ఇదే దారి. ఫొటోగ్రాఫర్ గోల్డ్‌స్మిత్ తీసిన, గాయకుడు ప్రిన్స్ ఫొటో మీద వార్హోల్ రంగులు వేసిన బొమ్మను ఫౌండేషన్ ఒక పత్రిక అట్టకు 10,000 డాలర్లకు ఇచ్చింది. ఫొటో కూడా పత్రికలకు ఇచ్చుకునేదే, బొమ్మ కూడా అదే పనికి పోయింది, కాబట్టి మొదటి ప్రశ్నలో ఫౌండేషన్‌కి ఓటమి. రంగు మారిస్తే చాలదు, పని మారాల.

కల్చరల్ అక్క:
అయితే లోపలి పేజీల్లో పాత భక్తి రికార్డుల గురించి వ్యాసం ఉంది. అందులో కవర్లు కూడా తీసేయాల్నా?

తిరుపతి నుంచి:
వద్దు వద్దు, అవి ఉండనీ. 2006లో బిల్ గ్రాహం ఆర్కైవ్స్ కేసులో ఒక సంగీత బృందం చరిత్ర పుస్తకంలో ఏడు పోస్టర్, టికెట్ బొమ్మలను చిన్నవిగా, కాలక్రమంలో వేస్తే ఫెయిర్ యూజ్ అన్నారు. మనమూ తపాలా బిళ్ళకు కొంచెం పెద్ద సైజులో, ప్రతిదాని పక్కన దాని గురించి రాత ఉండేట్టు వేద్దాం. అచ్చు ఇక్కడే కాబట్టి మన చట్టమూ చూసుకోవాల, ఇక్కడ ఫెయిర్ డీలింగ్ అంటారు. 52వ సెక్షన్ విమర్శకు, సమీక్షకు చోటిచ్చింది, అలంకారానికి ఇవ్వలేదు. రాత లేని కవరు ఒక్కటి కూడా వద్దు.

స్టేజీ, సౌండ్:
స్టేజీ మీద అన్నమయ్య కీర్తనలకైతే ఇబ్బంది లేదు కదన్నా, ఐదొందల ఏళ్ల నాటివి? అక్కడ తిరుపతి జాతరలో మైకుసెట్టు వాళ్లు ఎవర్నడుగుతారు?

తిరుపతి నుంచి:
సాహిత్యం వరకు ఎవరిదీ కాదు, అందరిదీ. బాణీలు అట్ల కాదు. అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకుల్లో రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. మనం వినేవి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి మొదలు గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారి దాకా ఈ కాలంవాళ్లు కట్టినవి. రాళ్ళపల్లి వారు 1979లో పోయినారు, ఇండియా చట్టం లెక్క 2039 చివరికి వస్తుంది.

ఇక్కడ మతపరమైన కార్యానికి చట్టంలో వెసులుబాటుంది. డాలస్ ఆడిటోరియం గుడి కాదు. అక్కడ అమెరికా చట్టం 110వ సెక్షన్ నాలుగో క్లాజు మనల్ని కాపాడొచ్చు: పాడేవాళ్లకీ నిర్వహించేవాళ్లకీ డబ్బు ఇవ్వకూడదు, లోపలికి వచ్చేదానికి వసూలు చేయకూడదు. ఆర్కెస్ట్రాకి పారితోషికం ఇస్తే పోయింది. ఇంటర్నెట్‌లో లైవ్ పెట్టినా ఆ క్లాజు పనికిరాదు. అందుకే హాలువాళ్లకు అస్కాప్, బీఎంఐ (పాటలు కట్టినవాళ్ల తరఫున లైసెన్సులు ఇచ్చే సంస్థలు) లైసెన్సులు ఉండాయేమో నువ్వు ఫోన్ చేసి కనుక్కో తమ్ముడూ. ఉన్నా అది హాల్లో వినిపించేదానికే, వీడియోలో కలిపేదానికి కాదు.

ట్రెజరర్:
సరే, అట్టకు, వేషాలకు బదులేంది? ఖర్చెంత?

తిరుపతి నుంచి:
అట్టకు శ్రీకాళహస్తి కలంకారీ ఆయన దగ్గర గంగమ్మ బొమ్మ వేయిద్దాం. వీడియోకి ఇక్కడి పంబ, డప్పు వాళ్లను పిలిపించి ఒక పూట స్టూడియోలో వాయిద్దాం. వేషానికొక దరువు, వాళ్లకే బాగా తెలుసు. డబ్బు ముందే ఇచ్చి, కాగితం రాయించుకోవాల. రాతలో గడువు లేకుంటే ఐదేళ్లే అనుకుంటుంది మన చట్టం, దేశం రాయకుంటే ఇండియా వరకే. కాబట్టి "అమెరికాతో సహా అన్ని దేశాల్లో, ఇంటర్నెట్‌లో, హక్కు గడువు ఉన్నంతకాలం" అని తెలుగులో రాసి చదివి వినిపిస్తా. ఎవరెవరి పేరు ఎట్ల పడాలో కూడా వాళ్లనే అడుగుతా.

రెండిటి రేట్లు రేపు మాట్లాడి పంపుతా. ఎడిటింగ్ పిల్లోడు కొంచెం అలిగినాడు, అక్కా, మీరు ఒక మాట ఫోన్ చేయండి.