మూత వేసిన ప్యాకేజీలో తేమ: రంధ్రం పొడిచి కొలవాలా, వైర్‌లెస్ సెన్సార్‌ను నమ్మవచ్చా?

పీన్యా ప్యాకేజింగ్, బెంగళూరు:
మేము సెరామిక్ ప్యాకేజీలలో హైబ్రిడ్ సర్క్యూట్లు అమర్చి, గ్లవ్ బాక్సులో పొడి నత్రజని మధ్య మూత వేస్తాము. లోపలి నీటి ఆవిరి 5000 పీపీఎం (పది లక్షల భాగాలలో 5000) దాటకూడదు. దానిని తేల్చడానికి, అమెరికా సైనిక ప్రమాణం మిల్-ఎస్‌టీడీ-883లోని 1018 పద్ధతి ప్రకారం, లాటుకు మూడు ప్యాకేజీలను 100 డిగ్రీల వేడిలో ఉంచి, మూతకు రంధ్రం పొడిచి, వెలువడిన వాయువును వాయువులను విడదీసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరులోకి పంపిస్తారు; దీనినే ఆర్‌జీఏ (రెసిడ్యువల్ గ్యాస్ అనాలిసిస్) అంటారు. ఆ మూడూ ఇక పనికిరావు. మిగిలిన వాటి సంగతి ఊహ మాత్రమే. దువ్వెన పళ్ళలా అల్లుకున్న ఎలక్ట్రోడ్ల మీద తేమను పీల్చే పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ పూసిన కెపాసిటర్‌ను, ఒక చిన్న కాయిల్‌ను కలిపి లోపల పెడితే, తేమ పెరిగేకొద్దీ రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. బ్యాటరీ అక్కరలేదు, బయటి కాయిల్‌తో చదవవచ్చు. ప్రతి ప్యాకేజీనీ ఇలా చూడగలిగినప్పుడు ఆర్‌జీఏ ఎందుకన్నది నా ప్రశ్న.

అంబత్తూరు పరీక్షశాల, చెన్నై:
ఆలోచన మంచిదే, అయితే ఆర్‌జీఏను తీసివేయమనడం తొందరపాటు. 25 డిగ్రీల వద్ద 5000 పీపీఎం అంటే సాపేక్ష ఆర్ద్రత సుమారు 16 శాతమే. పాలీఇమైడ్‌లో వచ్చే మార్పు ఆ స్థాయిలో స్వల్పం. పైగా ఫ్రీక్వెన్సీ కెపాసిటెన్స్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది కనుక, కెపాసిటెన్స్ రెండు శాతం పెరిగితే ఫ్రీక్వెన్సీ తగ్గేది ఒక శాతమే. అసలు చిక్కు మరొకటి ఉంది. గది ఉష్ణోగ్రత వద్ద నీటిలో కొంత భాగం లోపలి గోడలకు, ఎపాక్సీ జిగురుకు అంటుకొని ఉంటుంది. ఆర్‌జీఏను 100 డిగ్రీల వద్ద చేసేది దానిని వదిలించి లెక్కలోకి తేవడానికే. మీ సెన్సార్‌ను కూడా 100 డిగ్రీలకు వేడి చేస్తామంటారా, అక్కడ అదే ఆవిరి ఒక శాతం ఆర్ద్రతకు కూడా చాలదు. చల్లగా ఉంటే నీరు దాక్కుంటుంది, వేడిగా ఉంటే సెన్సార్‌కు కనిపించదు.

ఆర్ఎఫ్ విద్యార్థి, బెంగళూరు:
మూత సంగతి ఎవరూ అడగలేదేమి? కోవార్ అనే లోహపు మూత అయితే బయటి కాయిల్ క్షేత్రం దాని దగ్గరే ఆగిపోతుంది. సెరామిక్ మూత వాడాలి, లేదా అడుగున గ్రౌండ్ ప్లేన్ (లోహపు పొర) లేని చోటు నుంచి చదవాలి.

పీన్యా ప్యాకేజింగ్:
మావి సెరామిక్ మూతలే. అంబత్తూరు వారు చెప్పిన రెండో అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు.

గిండీ విశ్రాంత ఇంజనీరు, చెన్నై:
వేడి చేయడం గురించే మాట్లాడుతున్నారు, చల్లబరచి చూడండి. ప్యాకేజీని మెల్లగా సున్నా కిందికి దింపుతూ ఫ్రీక్వెన్సీని గమనిస్తే, ఆవిరి పేరుకోవడం మొదలయ్యే డ్యూ పాయింట్ చేరేసరికి గీత ఒక్కసారిగా వంగుతుంది. అప్పుడు 16 శాతాన్ని ఖచ్చితంగా కొలవనక్కరలేదు, వంపు ఏ ఉష్ణోగ్రత వద్ద వచ్చిందో చూస్తే చాలు. ఒక అట్మాస్ఫియర్ వద్ద 5000 పీపీఎంకు ఆ స్థానం సున్నాకు రెండు మూడు డిగ్రీల దిగువన ఉంటుంది. అంటే నీరు ద్రవంగా కాక మంచుగానే పేరుకుంటుంది, చిప్ మీది అల్యూమినియం గీతలు తుప్పు పట్టడానికి కావలసిన ద్రవం దొరకదు. ఆ పరిమితి వెనుక ఉన్న తర్కమే అది.

అంబత్తూరు పరీక్షశాల:
అయ్యా, ఆ పద్ధతిని ఒప్పుకుంటాను, ఒక షరతుతో. మెల్లగా చల్లబరిస్తే ఆవిరి మళ్ళీ గోడలకు అంటుకోవడానికి వ్యవధి దొరికి, వంపు ఉండవలసిన దానికంటే దిగువన కనిపిస్తుంది. వాడకంలో వేడెక్కి చప్పున చల్లబడే పరికరంలో అలా జరగదు. కాబట్టి ముందు వేడి చేసి, ఆపైన వేగంగా దింపాలి. ఇంకొక మాట: పాలీఇమైడ్ స్వయంగా నీటిని పీల్చుకునే పదార్థం. దానిని సరిగా బేక్ చేయకుండా మూత వేస్తే, తేమను పట్టడానికి పెట్టిన సెన్సారే తేమను వెంట తెచ్చినట్లవుతుంది. ఒక ఐప్పసి మాసపు (తమిళుల అక్టోబరు-నవంబరు నెల) వానల్లో, నేను అప్పట్లో పనిచేసిన చోట హీలియం లీక్ పరీక్షలో నెగ్గిన లాటు ఆర్‌జీఏలో ఓడిపోయింది. మూతలో లోపం లేదు, సరిగా క్యూర్ కాని (గట్టిపడని) డై అటాచ్ ఎపాక్సీయే, అంటే చిప్‌ను అంటించే జిగురే, నీటిని వదిలింది. లీక్ పరీక్ష అటువంటి దానిని ఎన్నటికీ పట్టుకోలేదు. మీ సెన్సార్ పట్టుకోగలదు, అందుకే దానిని కొట్టిపారేయడం లేదు.

పీన్యా ప్యాకేజింగ్:
అయితే ప్రతి ప్యాకేజీలోనూ కాక, ఒక్కొక్క బేక్ బ్యాచ్‌కు రెండు పరీక్ష ప్యాకేజీలలో సెన్సార్ పెట్టి, వేడి చేసి, వేగంగా చల్లబరచి చదివిన తరువాత, అవే ప్యాకేజీలను ఆర్‌జీఏకు పంపుతాను. రెండు లెక్కలూ కలుస్తాయో లేదో ముందు తెలియాలి.

ఆర్ఎఫ్ విద్యార్థి:
చల్లబడినప్పుడు కాయిల్ రెసిస్టెన్స్, సెరామిక్ డైఎలక్ట్రిక్ కూడా మారతాయి. పూత లేని మరొక కెపాసిటర్‌ను కాయిల్‌తో సహా పక్కనే, వేరే ఫ్రీక్వెన్సీలో, పోలిక కోసం పెట్టండి. లేకపోతే వచ్చిన వంపు నీటిదో, చలిదో చెప్పలేరు.