పోలింగ్ డ్యూటీకి కాలేజీ విద్యార్థులను తీసుకోవాలా?

ఒంగోలు డిగ్రీ విద్యార్థిని:
అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 16, 17 ఏళ్ల హైస్కూల్ పిల్లలు కూడా పోలింగ్ సిబ్బందిగా పనిచేస్తారు. రమ్మని ఎన్నికల అధికారులే ప్రచారం చేస్తారు, శిక్షణ ఇస్తారు. మన దగ్గర ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ వాళ్లను పిలిచినా క్యూ చూడడం, వీల్‌చైర్ తొయ్యడం వరకే. 18 ఏళ్లకు ఓటు ఇచ్చినవాళ్లు, ఓటు వేయించే పని ఎందుకివ్వరు?

కావలి మాస్టారు:
నీ ఉత్సాహం నాకు నచ్చింది తల్లీ, కానీ ఒప్పుకోలేను. 2024 మే 13న ఉదయగిరి వైపు ఒక పల్లెలో పీఓగా, అంటే పోలింగ్ కేంద్రాన్ని నడిపే ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా చేశాను. ముందురోజు రాత్రి బడి బల్లల మీదే పడుకున్నాం. తెల్లవారుజామున ఐదున్నరకే మాక్ పోల్, అంటే మిషన్ సరిగ్గా ఉందో లేదో చూసే నమూనా పోలింగ్. కనీసం 50 ఓట్లు వేసి, లెక్క చూపించి, అవి చెరిపేశామని అభ్యర్థుల ఏజెంట్లు చూశాకే సీల్ వేయాలి. సాయంత్రం ఆరుకి క్యూలో ఉన్నవాళ్లకు చివరి మనిషి నుంచి చీటీలిచ్చాం. అందరూ ఓటేసేసరికి రాత్రి పది. తీరా చూస్తే ఓటర్లు సంతకం పెట్టే 17ఎ రిజిస్టర్‌కీ మిషన్‌కీ ఒక్క ఓటు తేడా! ఏజెంట్లు గొంతులు లేపారు. ఒకాయన సంతకం పెట్టి ఓటెయ్యకుండా వెళ్లిపోయాడు. అది రిమార్కుల్లో అప్పుడే రాసి ఉంచాం కాబట్టి బయటపడ్డాం. ఆ టెన్షన్ ఇరవై ఏళ్ల పిల్లల మీద పెట్టలేను.

దర్శి లా విద్యార్థి:
సార్, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 26వ సెక్షన్ వద్దనేది అభ్యర్థి కోసం పనిచేసినవాళ్లనే. పోలింగ్ అధికారి రాకపోతే అక్కడున్నవాళ్లలో అలాంటి సంబంధం లేని ఎవరినైనా ఆ పనికి పీఓ పెట్టుకోవచ్చని కూడా అందులోనే ఉంది.

కావలి మాస్టారు:
ఉంది. అదే చట్టంలో 28ఎ సెక్షన్ కూడా చదువు అబ్బాయ్. ఎన్నికలు అయ్యేదాకా మేం ఎన్నికల సంఘానికి డెప్యుటేషన్ మీద ఉన్నట్టే. తప్పు చేస్తే సస్పెండ్ చేస్తారు. విద్యార్థిని దేన్నుంచి సస్పెండ్ చేస్తారు? 134వ సెక్షన్ కింద 500 రూపాయల లోపు జరిమానా, అంతే. పైగా ఏజెంటు సొంత మేనమామే అయితే?

ఒంగోలు డిగ్రీ విద్యార్థిని:
మీలాగే మమ్మల్నీ వేరే నియోజకవర్గానికి వెయ్యండి. నేను పీఓ పని అడగట్లేదు సార్. వేలికి సిరా పూసే ఓపీఓ (అదర్ పోలింగ్ ఆఫీసర్) పని ఇచ్చి, పక్కన మీలాంటివాళ్లు ఉంటే చాలు.

కావలి మాస్టారు:
అంతవరకైతే ఒప్పుకుంటాను. కానీ పంపేముందు ఆడపిల్లలు పడుకోవడానికి గది, బాత్రూం ఉన్నాయో లేదో అధికారులు వెళ్లి చూడాలి. ఆ రాత్రి మా టీంలో ఇద్దరు ఆడవాళ్లు బాత్రూం కోసం ఊళ్లో ఎవరిదో తలుపు కొట్టాల్సి వచ్చింది.