పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను ప్రభుత్వమే ఎవరెస్టుకు పంపవచ్చునా?

గోదారిగట్టు:
నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లయినా నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆమె వెంట ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్‌కుమార్ ఉన్నాడు. ఉమ్మడి రాష్ట్రపు సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులైన వీరిని పంపినది ప్రభుత్వమే. క్షేమంగా తిరిగివచ్చారు కనుక అందరం సంతోషించాం; అసలు ఆ వయసులో పంపడం సరైనదేనా?

భువనగిరి:
సరైనదేనని నా నిశ్చితాభిప్రాయం. భువనగిరి గుట్టపై తాడు పట్టడం నేర్పి, డార్జిలింగ్‌లో శిక్షణ ఇప్పించి, లడఖ్ చలిలో పరీక్షించి, అన్నిటికీ తట్టుకున్నవారినే పంపారు. వ్యవసాయ కూలీల ఇంట పుట్టిన గిరిజన బాలిక అంత ఎత్తుకు చేరిందన్న వార్త, ఆడపిల్లను గడప దాటనివ్వని ఇళ్లకు ఏ ఉపన్యాసమూ చెప్పలేని మాట చెప్పింది. ఆమె 2022 నాటికి ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలనూ ఎక్కింది.

ఏరువాక:
భువనగిరి గారూ, పూర్ణ సాధించినదాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయను. అయితే ఫలితం బాగుంది కనుక నిర్ణయమూ మంచిదేనని అనలేం. శిక్షణతో తగ్గే ప్రమాదాలు కొన్నే. శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు మూడో వంతు. ముందుకు సాగాలా, వెనుదిరగాలా అని తేల్చుకోవలసిన చోటనే, ఆక్సిజన్ చాలక బుద్ధి మందగిస్తుంది. నేపాల్ పదహారేళ్లు నిండనివారికి అనుమతి ఇవ్వదు. అందుకే ఆ బృందం టిబెట్ వైపు నుంచి ఎక్కింది. ఒక దేశం వద్దన్న వయసు పిల్లను మరో దారిన పంపడానికి మన ప్రభుత్వానికి ఎంత బలమైన కారణం ఉండాలి?

నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని అత్యున్నత శిఖరాలనూ అధిరోహించారు. అంతటి అనుభవజ్ఞుడు 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయారు. కొండ పిలుపు ఎంత బలమైనదో ఆయన జీవితమే చెబుతుంది, దాన్ని నేను గౌరవిస్తాను. కానీ అది అన్నీ తెలిసిన మనిషి తనకు తానుగా ఎంచుకున్న దారి. పదమూడేళ్ల పిల్ల ఇచ్చే సమ్మతి, ఎంత ఉత్సాహంతో ఇచ్చినా, దానికి సమానం కాదు.

ఇంకొకటి. అదే 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు దారిలో పగుళ్లతో నిండిన మంచు వాలైన ఖుంబూ ఐస్‌ఫాల్‌లో మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఇతరుల సామాను మోస్తూ, వారికి దారి వేస్తూ పోయిన ప్రాణాలవి. మన సాహసాల లెక్కలో వారిని మరచిపోతున్నాం.

భువనగిరి:
ఆ మరణాల గురించి మీరన్నది కాదనలేను. కానీ ఎవరెస్టు యాత్రకు లక్షలు కావాలి. గురుకులం వదిలి ఇంటికి చేరిన పేదపిల్లకు పద్దెనిమిదో ఏట ఆ డబ్బు ఎవరిస్తారు? వయసు వచ్చేదాకా ఆగమనడమంటే, ఆమె విషయంలో ఎప్పటికీ వద్దనడమే.

ఏరువాక:
ఆ భయం నిజమే, దానికి మార్గం ఉంది. ఎంపికైన పిల్ల పేరిట ప్రభుత్వం ఆ ఖర్చును ముందే కేటాయించి, చదువు ముగిసినా వయసు వచ్చాక ఇస్తానని రాతపూర్వకంగా హామీ ఇవ్వవచ్చు. ఈలోగా భువనగిరి గుట్ట ఉంది, హిమాలయాల్లో తక్కువ ఎత్తు శిఖరాలు ఉన్నాయి. ఆ కేటాయింపులోనే వెంట వచ్చి దారి చూపే, సామాను మోసే షెర్పాల బీమా సొమ్మునూ చేర్చాలి.