గిటార్ పెడళ్లన్నీ ట్రూ బైపాస్ చేయించాలా, ఒక్క బఫర్ చాలా?

మారతహళ్లి నుంచి:
గిటార్ తిన్నగా ఆంప్‌లో పెడితే పై తీగలు గణగణమంటాయి. అదే శబ్దం మార్చే ఆరు పెడళ్ల గుండా పంపితే, అన్నీ ఆఫ్‌లో ఉన్నా సరే, జలుబు చేసిన గొంతులా పూడుకుపోతోంది. రిపేరు షాపులో "అన్నీ ట్రూ బైపాస్ (ఆఫ్ చేస్తే సిగ్నల్ పెడల్ సర్క్యూట్‌ని తాకకుండా నేరుగా దాటిపోయే వైరింగ్) చేయించు, ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) మ్యాచ్ అవుతుంది" అన్నారు. నిజమేనా?

ఇందిరానగర్ నుంచి:
చేయించేయండి. ఆఫ్‌లో ఉన్న పెడల్ సిగ్నల్ జోలికి రాకూడదు. నేను ఎనిమిదేళ్లుగా అలాగే వాడుతున్నా. ముందు బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా ముందుకు పంపే చిన్న సర్క్యూట్) పెడితే నా ఫజ్ (శబ్దాన్ని గరగరలాడించే పెడల్) గొంతే మారిపోతుంది.

బసవనగుడి నుంచి:
ఫజ్ విషయంలో మీతో ఏకీభవిస్తా, మిగతాదానితో కాదు. అసలు ఇక్కడ "మ్యాచ్" అన్న మాటే తప్పు. 600 ఓమ్‌లకు 600 కలపడం టెలిఫోన్ లైన్ల పద్ధతి. గిటార్‌కి కావలసింది సమానం కాదు, తీసుకునే వైపు ఇచ్చే వైపుకి కనీసం పది రెట్లుండాలి. తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే పికప్‌కి మల్టీమీటర్ పెడితే 6, 8 కిలో ఓమ్‌లే చూపిస్తుంది, అది డీసీ లెక్క. కాయిల్ కదా, పై స్వరాల దగ్గర అది లక్ష ఓమ్‌లు దాటుతుంది. ఆంప్ ఇన్‌పుట్ 1 మెగా ఓమ్ ఉండేది అందుకే.

ఇక కేబుల్. మీటరుకి సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది, అదే పై స్వరాలను మింగేది. గిటార్ నుంచి పెడల్ బోర్డు దాకా 6 మీటర్లు, అక్కణ్ణుంచి ఆంప్‌కి మరో 6. అన్నీ ట్రూ బైపాస్ అయితే ఆ 12 మీటర్ల భారమూ పికప్ ఒక్కటే మోయాలి. 4 హెన్రీల ఇండక్టెన్స్ ఉన్న పికప్‌కి లెక్క కడితే 3,200 హెర్ట్జ్ దగ్గరుండే మెరుపు 2,300కి దిగిపోతుంది. ముందు ఒక బఫర్ ఉంటే రెండో కేబుల్ పికప్‌కి తగలదు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో టీఎల్072 ఆంప్లిఫయర్ చిప్ కొని, 1 మెగా ఓమ్ రెసిస్టర్ వేసి నేనే కట్టుకున్నా. నా బోర్డులో ఫజ్ తర్వాత అదే.

ఇందిరానగర్ నుంచి:
మరి పాత వావా పెడళ్ల (కాలితో ఊపితే "వా-వా" అనిపించేవి) సంగతి? ఆఫ్ చేసినా గిటార్ సిగ్నల్ వాటి ఇన్‌పుట్ సర్క్యూట్‌కే తగిలి ఉంటుంది.

బసవనగుడి నుంచి:
అవును, అలాంటి దాన్ని మార్చాల్సిందే. దానికోసం ఆరూ మార్చనక్కర్లేదు. వాల్వ్ (వాక్యూమ్ ట్యూబ్) ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య మాత్రం 8 ఓమ్‌లకి 8 కలపాల్సిందే, అక్కడ రాజీ లేదు.

మారతహళ్లి నుంచి:
నా దగ్గర పాత వావా ఉంది! ఇంకోటి, ఆంప్ లూప్‌లో (ఆంప్ మధ్యలో పెడల్ కలిపే జాక్‌లు) డిలే (ప్రతిధ్వని పెడల్) పెడితే శబ్దం చిట్లుతోంది.

బసవనగుడి నుంచి:
అది లెవెల్ గొడవ. కొన్ని లూపులు +4 డీబీయూ, అంటే 1.23 వోల్టులిస్తాయి. పెడళ్లకు అనువైన −10 డీబీవీ అంటే 0.316 వోల్టులే. ఇంచుమించు నాలుగు రెట్ల తేడా. ఆంప్ వెనక లెవెల్ స్విచ్ ఉందేమో చూసి తగ్గించండి.

మారతహళ్లి నుంచి:
స్విచ్ ఉంది. −10కి మార్చగానే చిట్లడం పోయింది. వావా తీసి వాయిస్తే పై తీగల గణగణ సగం తిరిగొచ్చింది. మిగతా సగానికి ఈ ఆదివారం బఫర్ కడతా.